28 విజయాలు చాలలేదు: ఇండియానా స్టేట్ 2024 సీజన్ వెనుక లెక్కలు

క్లుప్తంగా: 2023–24 సీజన్‌లో అమెరికాలోని ఇండియానా స్టేట్ యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు మార్చి మధ్యకల్లా 28 మ్యాచ్‌లు గెలిచింది, ఆరే ఓడింది. తన లీగ్ పట్టికలో మొదటి స్థానం కూడా దానిదే. అయినా 68 జట్లు ఆడే జాతీయ టోర్నమెంటులో చోటు రాలేదు. ర్యాంకింగ్ సూత్రం మెచ్చిన జట్టును కమిటీ ఎందుకు పక్కన పెట్టింది? ఆ తర్వాత కొన్ని వారాల్లోనే జట్టు ఎందుకు చెల్లాచెదురైంది? రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. చిన్న లీగ్‌లోని జట్టు ఎంత బాగా ఆడినా, ఆ గెలుపుతో తర్వాతి మెట్టు ఎక్కే దారులు, గెలిచిన మనుషుల్ని నిలుపుకునే దారులు చాలా తక్కువ.

మార్చిలో జరిగేది ఏమిటి

ఏటా మార్చిలో అమెరికా క్యాంపస్‌లలో చదివే మన విద్యార్థులకూ, అక్కడి ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లకూ ఎవరో ఒకరు ‘బ్రాకెట్ నింపావా?’ అనడం మామూలే. ఏ జట్టు ఎవరిని ఓడిస్తుందో ముందే ఊహించి రాసే పట్టిక అది. కాలేజీ క్రీడలను నిర్వహించే సంస్థ ఎన్‌సీఏఏ నడిపే ఈ టోర్నమెంటులో ఒక్క ఓటమితో ఇంటికే. మూడు వారాల్లో 68 జట్లలో ఒకటే మిగులుతుంది.

ఈ 68లోకి రావడానికి రెండు దారులున్నాయి. 2024లో దేశంలో 32 కాన్ఫరెన్సులు, అంటే లీగ్‌లు ఉండేవి. ప్రతి లీగ్ సీజన్ చివర సొంతంగా ఒక చిన్న టోర్నీ పెట్టుకుంటుంది. అందులో గెలిచిన జట్టుకు నేరుగా ప్రవేశం. ఆ ఏడాది మిగిలిన 36 చోట్లను 12 మంది సభ్యుల ఎంపిక కమిటీ నింపింది. ఈ రెండో దారినే అక్కడ ‘ఎట్-లార్జ్’ అంటారు. ఆ గీతకు కాస్త అటూ ఇటూ ఊగిసలాడే జట్లు ‘బబుల్’ మీద ఉన్నట్టు. గొడవంతా ఈ బబుల్ దగ్గరే.

మన దగ్గర ఈ గొడవ ఎందుకు ఉండదో ఐపీఎల్‌ను చూస్తే తెలుస్తుంది. 2019లో సన్‌రైజర్స్ హైదరాబాద్, కోల్‌కతా, పంజాబ్ మూడూ 12 పాయింట్ల దగ్గర ఆగిపోతే నెట్ రన్‌రేట్ చూసి హైదరాబాద్‌ను ప్లేఆఫ్స్‌కు పంపారు. అభిమానులు బాధపడి ఉండొచ్చు కానీ లెక్క మీద ఎవరూ పేచీ పెట్టలేదు, ఎందుకంటే అందరూ అందరితోనూ ఆడారు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పై స్థాయిలోనే 360కి పైగా జట్లున్నాయి. ఒక్కో జట్టు ఆడేది 30, 35 మ్యాచ్‌లు. ఒకరి ప్రత్యర్థులకూ ఇంకొకరి ప్రత్యర్థులకూ పోలికే ఉండదు. 28 విజయాలున్న జట్టు గొప్పదా, కష్టమైన లీగ్‌లో 20 గెలిచిన జట్టు గొప్పదా అన్నది పట్టిక చూసి తేల్చలేం. అందుకే సూత్రాలూ కావాలి, సూత్రాల మీద మనుషుల తీర్పూ కావాలి.

కళ్లజోడు సెంటర్, అయిదుగురూ బయటే

ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్ జనాభా 60 వేలలోపు. బాస్కెట్‌బాల్ చరిత్రలో ఈ ఊరికి ఒక పెద్ద పేజీ ఉంది. 1979లో లారీ బర్డ్ ఆడిన ఇండియానా స్టేట్ జట్టు వరసగా 33 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్ చేరింది. మ్యాజిక్ జాన్సన్ ఉన్న మిషిగన్ స్టేట్ చేతిలో 75–64తో ఓడింది. ఆ తర్వాత ఆ కాలేజీ పేరు జాతీయ స్థాయిలో వినపడింది తక్కువే. 2024 ఫిబ్రవరిలో అసోసియేటెడ్ ప్రెస్ టాప్ 25 జాబితాలోకి వచ్చినప్పుడు, బర్డ్ కాలం తర్వాత అదే మొదటిసారి.

ఈ మార్పు వెనుక ఉన్న కోచ్ జాష్ షెర్ట్జ్. టెనసీలోని లింకన్ మెమోరియల్ అనే రెండో డివిజన్ కాలేజీ నుంచి 2021లో వచ్చాడు. మొదటి ఏడాది 11 విజయాలు, రెండో ఏడాది 23. మూడో ఏడాదికి అతని పద్ధతికి సరిపడే మనుషులు కుదిరారు.

ఆ పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ర్యాంకింగ్ సూత్రం ఈ జట్టును అంతగా ఎందుకు ఇష్టపడిందో అక్కడే ఉంది. మామూలుగా అందరికంటే పొడుగైన ఆటగాడు, అంటే సెంటర్, బుట్ట దగ్గర నిలబడతాడు. షెర్ట్జ్ అయిదుగురినీ మూడు పాయింట్ల గీత (దాని బయటి నుంచి వేసిన బుట్టకు రెండు బదులు మూడు పాయింట్లు) బయటే నిలిపాడు. సెంటర్‌గా ఆడిన రాబీ అవీలా 6 అడుగుల 10 అంగుళాల మనిషి. ఆటగాళ్లు పెట్టుకునే పెద్ద కళ్లజోడుతో కోర్టులోకి వచ్చేవాడు. వేగం తక్కువ, ఎగరడం ఇంకా తక్కువ. కానీ దూరం నుంచి షాట్ కొట్టగలడు, అంతకంటే బాగా పాస్ ఇవ్వగలడు. అతన్ని కట్టడి చేయడానికి ప్రత్యర్థి సెంటర్ కూడా బుట్టను వదిలి బయటికి రాక తప్పదు. వచ్చాడంటే లోపలంతా ఖాళీ. ఆ ఖాళీలోకి ఐజయా స్వోప్, జూలియన్ లారీ లాంటివాళ్లు దూసుకెళ్తే అవీలా బంతిని సరిగ్గా వాళ్ల చేతికి అందించేవాడు. లోపలికి వెళ్లినవాణ్ణి ఆపబోతే మూలలో రయన్ కాన్వెల్ మూడు పాయింట్ల షాట్‌కు సిద్ధంగా ఉంటాడు.

దీంతో ఈ జట్టు వేసే షాట్లలో ఎక్కువ భాగం బుట్ట పక్కనో, మూడు పాయింట్ల గీత బయటో ఉండేవి. లెక్క ప్రకారం ఎక్కువ లాభమిచ్చే చోట్లు ఈ రెండే. షూటింగ్ సామర్థ్యంలో ఇండియానా స్టేట్ ఆ ఏడాది దేశంలోనే ముందు వరసలో నిలిచింది. అవీలాను ఎన్‌బీఏ సెంటర్ నికోలా యోకిచ్‌తో పోలుస్తూ అభిమానులు రకరకాల ముద్దుపేర్లు పెట్టారు. కళ్లజోడు వల్ల వచ్చిన పేరులో ఆటకు రావాల్సిన మెచ్చుకోలు కొంత మరుగున పడిందనే చెప్పాలి.

తన లీగ్ అయిన మిజోరి వ్యాలీ కాన్ఫరెన్సులో 20 మ్యాచ్‌లకు 17 గెలిచి జట్టు పట్టికలో మొదట నిలిచింది. మార్చి 10న సెయింట్ లూయిస్‌లో జరిగిన లీగ్ టోర్నీ ఫైనల్లో డ్రేక్ యూనివర్సిటీ చేతిలో 84–80తో ఓడింది. నేరుగా వెళ్లే దారి అక్కడితో మూసుకుపోయింది. ఇక మిగిలింది కమిటీ దయ.

సూత్రం ఒకటి అంది, కమిటీ ఇంకొకటి అంది

మార్చి 17న జట్లను ప్రకటించారు. బయట మిగిలిన మొదటి నాలుగు జట్లలో ఇండియానా స్టేట్ ఒకటి. మిగతా మూడు ఓక్లహోమా, సీటన్ హాల్, పిట్స్‌బర్గ్. అభిమానుల వాదన సూటిగానే ఉంది: ఎన్‌సీఏఏ సొంత కొలమానమైన నెట్ ర్యాంకింగ్‌లో జట్టు 30 లోపు స్థానంలో ఉంది. 36 ఎట్-లార్జ్ చోట్లున్నప్పుడు 30 లోపు ర్యాంకు జట్టు ఎలా మిగిలిపోతుంది?

ఇక్కడే రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. ఈ జట్టు ఎంత మంచిది అన్నది ఒకటి. ఈ జట్టు ఏం సాధించింది అన్నది రెండోది. నెట్ ర్యాంకింగ్ 2018–19లో వచ్చింది. దానికి ముందు 1981 నుంచి ఆర్‌పీఐ అనే పాత సూచీ ఉండేది. నెట్‌లో బంతి చేతికొచ్చిన ప్రతి 100 సార్లకు ఎన్ని పాయింట్లు చేశారు, ఎన్ని ఇచ్చారు అన్న లెక్కకు, ప్రత్యర్థి బలాన్ని బట్టి సవరించి, గట్టి బరువు ఉంటుంది. బలహీన జట్టును 25 పాయింట్ల తేడాతో ఓడించినా ఆ లెక్క మెరుగవుతుంది. బుట్ట దగ్గరా, గీత బయటా షాట్లు వేసే జట్టుకు ఇలాంటి పెద్ద గెలుపులు బోలెడు వస్తాయి. కాబట్టి ‘ఎంత మంచిది’ అన్న ప్రశ్నకు సూత్రం చెప్పిన జవాబు నిజాయితీగలదే.

కమిటీ మాత్రం ఆ ర్యాంకును వరసగా పెట్టి పైనుంచి 36 తీసుకోదు. నెట్‌ను ప్రధానంగా వాడేది ప్రత్యర్థులను వర్గీకరించడానికి. ప్రతి మ్యాచ్‌నూ నాలుగు క్వాడ్‌లలో ఒకదాంట్లో వేస్తారు. సొంత కోర్టులో 1 నుంచి 30 ర్యాంకు జట్టుతోనో, తటస్థ వేదికలో 1 నుంచి 50 జట్టుతోనో, ఎదుటివాళ్ల ఊళ్లో 1 నుంచి 75 జట్టుతోనో ఆడితే అది క్వాడ్ 1. సొంత ఊళ్లో 160 కంటే దిగువ జట్టుతో ఆడితే క్వాడ్ 4. క్వాడ్ 1 విజయం బంగారం, క్వాడ్ 4 ఓటమి మచ్చ.

ఇండియానా స్టేట్ క్వాడ్ 1లో అయిదు ఆడి ఒకటే గెలిచింది. అలబామా చేతిలో 102–80తో, మిషిగన్ స్టేట్ చేతిలో 87–75తో వాళ్ల ఊళ్లలోనే ఓడింది. డ్రేక్ చేతిలో రెండు ఓటములు. క్వాడ్ 2లో నాలుగు గెలిచి ఒకటి ఓడింది. అంటే 28 విజయాల్లో 23 కింది రెండు క్వాడ్‌లలో వచ్చినవే. టాప్ 25లోకి ఎక్కిన మరునాడే ఇల్లినాయ్ స్టేట్ చేతిలో 80–67తో పోయిన మ్యాచ్ క్వాడ్ 4 ఓటమిగా నమోదైంది. ఫైల్ తెరిచిన కమిటీ సభ్యుడికి ముందు కనిపించేది ఈ ఒకటీ అయిదూ అన్న అంకెలే.

సీటన్ హాల్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. నెట్‌లో ఆ జట్టు 60 దాటి ఎక్కడో ఉంది. కానీ ఆ ఏడాది ఛాంపియన్ అయిన కనెక్టికట్‌ను 75–60తో ఓడించిన రికార్డు దానిది. బిగ్ ఈస్ట్ లాంటి గట్టి లీగ్‌లో 20కి 13 గెలిచింది. సాధించిన దాన్ని చూస్తే సీటన్ హాల్ లోపల ఉండాలి, సామర్థ్యాన్ని చూస్తే ఇండియానా స్టేట్ ఉండాలి. రెండూ బయటే మిగిలాయి. ఏదో ఒక కొలతను గట్టిగా పట్టుకుని ఉంటే ఒకరికైనా చోటు దక్కేది. ‘కమిటీకి నిలకడ లేదు’ అన్న ఫిర్యాదులో బలం ఉన్నది ఇక్కడే. చిన్న కాలేజీ అని చిన్నచూపు చూశారన్న ఆరోపణకు అంత బలం లేదు.

చోటు చివర్లో దక్కించుకున్న వర్జీనియా తన మొదటి మ్యాచ్‌లోనే కొలరాడో స్టేట్ చేతిలో 67–42తో చిత్తయింది. అభిమానులు ఈ స్కోరును పదేపదే చూపించారు. ఎంత ముచ్చటగా ఉన్నా ఈ వాదన నిలవదు. ఒక్క రాత్రి ఆట ఎంపిక తప్పని తేల్చలేదు. అలా తేల్చగలిగితే ఇండియానా స్టేట్ డ్రేక్ చేతిలో ఓడిన రాత్రి కూడా తేల్చినట్టే.

చోట్లు ఎత్తుకెళ్లిన వాళ్లు

ఆ మార్చిలో దురదృష్టం కూడా గట్టిగానే పనిచేసింది. ఎట్-లార్జ్ ద్వారా ఎలాగూ రావాల్సిన జట్టు తన లీగ్ టోర్నీలో ఓడి, ఎవరూ ఊహించని జట్టు గెలిస్తే ఆ లీగ్‌కు ఒక చోటు అదనంగా పోతుంది. బబుల్ మీద ఉన్నవాళ్లలో ఒకరు జారిపోతారు. ఇలా గెలిచినవాళ్లను ‘బిడ్ దొంగలు’ అంటారు. 2024లో ఎన్‌సీ స్టేట్, ఒరెగాన్, న్యూ మెక్సికో, డ్యుకేన్, అలబామా బర్మింగ్‌హామ్ అని అయిదు పేర్లు చెప్పుకున్నారు. ఎన్‌సీ స్టేట్ అయితే అయిదు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు గెలిచి తన లీగ్ ఏసీసీ టోర్నీ పట్టుకుపోయింది. ఆ ఊపులోనే జాతీయ టోర్నమెంటు చివరి నాలుగు జట్లలోకీ చేరింది. ప్రశాంతంగా గడిచిన ఏడాదిలో ఇవే అంకెలతో ఇండియానా స్టేట్‌కు చోటు దొరికేదనడం అతిశయోక్తి కాదు.

పెద్ద ఆటలు దొరకడమే కష్టం

‘క్వాడ్ 1 విజయాలు లేవు’ అనడం తేలిక. అవి ఎక్కడ దొరుకుతాయన్నదే అసలు ప్రశ్న. పెద్ద లీగ్‌లోని జట్టుకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో వారానికి ఒకటి రెండు అవకాశాలు వాటంతట అవే వస్తాయి. సగం ఓడినా ఆరేడు మంచి విజయాలు చేతిలో ఉంటాయి. మిజోరి వ్యాలీలో 20 లీగ్ మ్యాచ్‌లు పోగా బయటివాళ్లతో ఆడేది పదో పన్నెండో. ఆ కొద్దిలోనే పెద్ద జట్లను ఒప్పించాలి. పెద్ద జట్లేమో ఎదురు డబ్బిచ్చి చిన్న జట్లను తమ ఊరికి పిలుస్తాయి కానీ, టెర్రె హోట్‌కు రావడానికి ఇష్టపడవు. ఓడితే మచ్చ, గెలిస్తే పెద్ద లాభం లేదు. కళ్లజోడు సెంటర్ ఉన్న మంచి షూటింగ్ జట్టంటే మరీ భయం.

లీగ్ కూడా మునుపటిలా లేదు. 2006లో మిజోరి వ్యాలీ నుంచి నాలుగు జట్లు టోర్నమెంటుకు వెళ్లాయి. తర్వాత 2013లో క్రైటన్, 2017లో విచిటా స్టేట్, 2022లో లయోలా షికాగో వేరే లీగ్‌లకు మారిపోయాయి. ఇందులో విచిటా స్టేట్, లయోలా రెండూ చివరి నాలుగు జట్లలోకి చేరిన చరిత్ర ఉన్నవి. గట్టి జట్లు వెళ్లిపోతే మిగిలినవాళ్ల ర్యాంకులు దిగుతాయి. దిగితే వాళ్లను ఓడించిన గెలుపుల విలువా దిగుతుంది.

దీనికి డబ్బు లెక్క కూడా ఉంది. టోర్నమెంటులో ఒక జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌కు, ఫైనల్ తప్ప, దాని కాన్ఫరెన్సుకు ఒక వాటా వస్తుంది. ఆరేళ్లలో విడతలుగా అందే ఆ వాటా మొత్తం సుమారు 20 లక్షల డాలర్లు, అప్పటి మారకంలో 16 కోట్ల రూపాయల పైమాటే. మొదటి రౌండులోనే వాషింగ్టన్ స్టేట్ చేతిలో 66–61తో ఓడిన డ్రేక్ తెచ్చిన ఒక్క వాటాతోనే ఆ ఏడాది లీగ్ సరిపెట్టుకుంది.

ఈ బాధ కొత్తదేమీ కాదు. 1974లో దేశంలో నాలుగో ర్యాంకు మేరీలాండ్ తన లీగ్ ఫైనల్లో ఎన్‌సీ స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 103–100తో ఓడింది. అప్పట్లో లీగ్‌కు ఒక్క జట్టే అన్న నియమం. మేరీలాండ్ ఇంటికెళ్లింది. మరుసటి ఏడాదే నియమం మారి టోర్నమెంటు 32 జట్లకు పెరిగింది. అర్ధ శతాబ్దం తర్వాత అదే పరిస్థితిలో ఇండియానా స్టేట్ నిలిచింది. అప్పుడు అడ్డుపడింది రాసిపెట్టిన నియమం. ఇప్పుడు అడ్డుపడింది ప్రత్యర్థుల జాబితా. టోర్నమెంటును 72కో 76కో పెంచాలన్న చర్చ వచ్చినప్పుడల్లా ఇలాంటి జట్ల పేర్లు చెబుతారు. అదనపు చోట్లలో ఎక్కువ భాగం పెద్ద లీగ్‌ల మధ్యరకం జట్లకే పోతాయన్న అనుమానం మాత్రం బలంగా ఉంది. 2025లో ఎస్‌ఈసీ అనే ఒక్క పెద్ద లీగ్ నుంచే 14 జట్లు వెళ్లాయి.

రెండో టోర్నీ, ఆ తర్వాత ఖాళీ గది

చోటు రాని జట్లు ఆడే ఎన్ఐటీ టోర్నీని ఓక్లహోమా, పిట్స్‌బర్గ్, సెయింట్ జాన్స్ వద్దనుకున్నాయి. ఇండియానా స్టేట్ ఆడింది. ఎస్‌ఎంయూ, మినసోటా, సిన్సినాటి, యూటాలను ఓడించి ఫైనల్ చేరింది. ఏప్రిల్ 4న ఇండియానాపోలిస్‌లోని హింకల్ ఫీల్డ్‌హౌస్‌లో ఎదురుపడింది ఎవరో కాదు, తనలాగే బయట మిగిలిన సీటన్ హాల్. 79–77తో సీటన్ హాల్ గెలిచింది. సీజన్ 32 విజయాలు, 7 ఓటములతో ముగిసింది.

ఆ వెంటనే షెర్ట్జ్ సెయింట్ లూయిస్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. అవీలా, స్వోప్ అతని వెంటే వెళ్లారు. కాన్వెల్ జేవియర్ యూనివర్సిటీకి, జూలియన్ లారీ, జేసన్ కెంట్ టెక్సస్‌కు మారారు. మరుసటి సీజన్‌లో ఇండియానా స్టేట్‌కు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ.

దీన్ని పెద్ద కాలేజీల దోపిడీ అని అభిమానులు తిట్టుకున్నారు. సగం నిజం. 2021 నుంచి ఆటగాడు ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో ఆ ‘ఒకసారి’ అన్న పరిమితీ పోయింది. 2021 జులై నుంచి తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు ఆటగాళ్లు డబ్బు తీసుకోవచ్చు. బాగా ఆడిన ప్రతి ఒక్కరికీ బయట ధర పలుకుతోంది. టెర్రె హోట్ ఆ ధరతో పోటీపడలేదు.

మిగతా సగం వేరు. ఆ జట్టును కట్టిందీ ఇదే పద్ధతి. స్వోప్ సదరన్ ఇండియానా నుంచి, కాన్వెల్ సౌత్ ఫ్లోరిడా నుంచి, కెంట్ బ్రాడ్లీ నుంచి మారి వచ్చినవాళ్లు. జేవియర్ బ్లెడ్సన్ అయితే లింకన్ మెమోరియల్ నుంచి కోచ్ వెంటే వచ్చాడు. పాత నియమాలే ఉండి ఉంటే ఈ జట్టు చెదిరేది కాదేమో, కానీ ఇంత త్వరగా కుదిరేదీ కాదు. ఆటగాళ్ల వైపు నుంచి చూస్తే నాలుగేళ్ల కెరీర్‌లో ధర పలికే ఏడాది ఒకటే రావచ్చు. వాళ్లను తప్పుబట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

ఫైనల్లో గెలిచిన డ్రేక్‌కు కూడా ఇదే జరిగింది. కోచ్ డేరియన్ డెవ్రీస్ ఆ మార్చిలోనే వెస్ట్ వర్జీనియాకు వెళ్లాడు, జట్టులో పెద్ద స్టార్ అయిన కొడుకు టకర్ కూడా తండ్రి వెంటే నడిచాడు. డేరియన్ స్థానంలో కోచ్‌గా రెండో డివిజన్ నుంచి బెన్ మెకాలమ్ వచ్చాడు, తన పాత ఆటగాళ్లు కొందరిని వెంటబెట్టుకుని. 2024–25లో 31 మ్యాచ్‌లు గెలిచి, లీగ్ టోర్నీ గెలిచి, జాతీయ టోర్నమెంటులో మిజోరి యూనివర్సిటీ జట్టును ఓడించాడు. ఇండియానా స్టేట్‌కు దక్కనివన్నీ డ్రేక్‌కు దక్కాయి. సీజన్ అయిపోగానే మెకాలమ్ అయోవాకు, అతనితో పాటే ప్రధాన ఆటగాడు బెనెట్ స్టర్ట్జ్ కూడా అయోవాకు వెళ్లిపోయారు.

2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి అన్ని ఆటల మీదా కలిపి గరిష్ఠ పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఫుట్‌బాల్ ఆదాయమున్న పెద్ద కాలేజీలు ఆ పరిమితి దాకా వెళ్లగలవు. మిజోరి వ్యాలీ లాంటి లీగ్‌లోని జట్లకు అది అందనంత దూరం. అందుకే అక్కడి అభిమానులు ఇప్పుడు నెట్ ర్యాంకు ఎంత శ్రద్ధగా చూస్తున్నారో, ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేర్లిచ్చే పోర్టల్ ఏ తేదీన తెరుచుకుంటుందో కూడా అంతే శ్రద్ధగా చూస్తున్నారు.